ముంబయి చలిలో పెద్దవారి షికారు: చూసుకోవలసింది వేళను

పుష్యమాసం వచ్చిందంటే ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల సరిహద్దు గ్రామాలలో తెల్లవారుజామున చలిమంటలు వెలుగుతాయి. బిందెలోని నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఈ రోజులలోనే ఎందరో వృద్ధులు ముంబయి రైలు ఎక్కుతారు. ఆదిలాబాద్ మీదుగా పోయే నందిగ్రామ్ ఎక్స్‌ప్రెస్‌లోనో, నిజామాబాద్ మీదుగా పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో బయలుదేరి, కొడుకు ఇంట్లోనో కూతురి ఇంట్లోనో నెల రోజులు గడిపి వస్తారు. కొందరు మనుమలను చూడడానికి వెళితే, కొందరు పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి వెళతారు. రెండు పనులూ కలిపి పెట్టుకునేవారే ఎక్కువ.

వెళ్లిన మొదటి ఆదివారమే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. “తాతా, రాణీబాగ్‌కు పోదాం” అని పిల్లలు చేయి పట్టి లాగుతారు. తాతకు దగ్గు, ఆయాసం. అవ్వకు రక్తపోటు, చక్కెర వ్యాధి. “ఈ చలిలో ఎందుకు మామా, మళ్లీ దగ్గు ఎక్కువైతే?” అని కోడలు ఆపుతుంది. కొడుకు ఔనంటాడు. పిల్లలు అలుగుతారు. పెద్దవారు గదిలోనే ఉండిపోతారు. ఆ మాట వెనుక ప్రేమ ఉంది, సందేహం లేదు. అయితే ముంబయి చలి ఎటువంటిదో, అక్కడి గాలి ఏ వేళ ఎలా ఉంటుందో తెలిస్తే ఆ కుటుంబం వేరే నిర్ణయం తీసుకునేది.

కామాఠీల ఊరు

కామాఠీపుర అనగానే బయటివారికి ఒక్క విషయమే స్ఫురిస్తుంది. కాని ఆ పేరు కామాఠీలది. 18వ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల వారు కూలి పనుల కోసం బొంబాయి చేరారు. సముద్రాన్ని పూడ్చి నేలగా మార్చే పనులలో, రోడ్ల పనులలో, కట్టడాల పనులలో చెమటోడ్చారు. మరాఠీవారు వారిని కామాఠీలన్నారు. వారు నివసించిన పేట కామాఠీపుర అయింది. ముంబయి సెంట్రల్, గ్రాంట్ రోడ్ స్టేషన్లకు దగ్గరలో ఉన్న ఆ గల్లీలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ తరువాత బట్టల మిల్లులు వెలిసినప్పుడు తెలంగాణ నేత కుటుంబాలు వర్లీ, నాయ్‌గావ్, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్లలో స్థిరపడ్డాయి.

1920వ దశకంలో వర్లీ, నాయ్‌గావ్, శివ్డీ, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లలో కట్టిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గది వైశాల్యం సుమారు 160 చదరపు అడుగులు. వంట, పడక, పిల్లల చదువు అన్నీ అందులోనే. మరుగుదొడ్లు వరండా చివర, అందరికీ కలిపి. ఈ చాళ్ల పునర్నిర్మాణం సాగుతున్నది. వర్లీలో తొలి విడతగా 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో కొత్త ఫ్లాట్లు అందాయి. కాని కామాఠీపుర గల్లీలలోనూ, మిగిలిన పాత చాళ్లలోనూ వేలాది కుటుంబాలకు ఇల్లంటే ఇప్పటికీ ఒక ఖోలీయే. పల్లెలో వాకిలి, వేపచెట్టు, అరుగు చూసిన ముసలి ప్రాణానికి ఆ ఖోలీలో నెల రోజులు గడవడం తేలిక కాదు. అందుకే అక్కడ షికారును విలాసంగా భావించకూడదు. అది మనిషికి అవసరం.

ముంబయి చలి ఎంత?

సముద్రం పక్కన ఉన్న ఊరికి సముద్రమే దుప్పటి. నీరు నేలవలె తొందరగా చల్లబడదు. కనుక జనవరిలో శాంతాక్రుజ్ వద్ద రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 17 డిగ్రీల దరిదాపుల్లోనూ, సముద్రం ఒడ్డున ఉన్న కొలాబాలో 19 డిగ్రీల దరిదాపుల్లోనూ ఉంటుంది. శాంతాక్రుజ్‌లో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 7.4 డిగ్రీలు. అది 1962 జనవరి 22 నాటి మాట. ఆదిలాబాద్ ప్రాంతంలోనైతే 10 డిగ్రీల లోపు చలి ప్రతి శీతకాలంలోనూ మామూలే. ఆ చలిలో పొలానికి నడిచిన మనిషికి ముంబయి చలి లెక్కలోనిది కాదు.

మరి ముంబయి చేరిన నాలుగు రోజులకే దగ్గు ఎందుకు పట్టుకుంటున్నది? కారణం గాలిలో ఉంది.

గాలికి మూత పడే వేళ

పగలు ఎండకు నేల వేడెక్కుతుంది. నేలను తాకిన గాలి వేడెక్కి పైకి పోతుంది. దానితోపాటు పొగ, దుమ్ము కూడా పైకి పోయి చెదిరిపోతాయి. శీతకాలపు రాత్రి ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నేల త్వరగా చల్లబడుతుంది, దానిని ఆనుకొని ఉన్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. దాని పైన వెచ్చని గాలి పొర నిలుస్తుంది. కుండ మీద మూత పెట్టినట్లు ఆ పొర కింది గాలిని పైకి పోనివ్వదు. వాహనాల పొగ, కట్టడాల దుమ్ము, చెత్త తగులబెట్టిన పొగ అన్నీ మనిషి ముక్కు ఎత్తులోనే నిలిచిపోతాయి. వర్షాకాలంలో వాన గాలిని కడుగుతుంది, వేసవిలో సముద్రపు గాలి ఊడుస్తుంది. శీతకాలంలో వాన ఉండదు, సముద్రపు గాలి బలహీనపడి, పగలు ఆలస్యంగా మొదలవుతుంది.

2024 డిసెంబరు 30న ముంబయి మహానగరపాలక సంస్థ బైకుల్లా, బోరివలీ తూర్పు ప్రాంతాలలో గాలి నాణ్యత దిగజారినందున ప్రభుత్వ, ప్రైవేటు కట్టడాల పనులన్నింటినీ నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. కామాఠీపుర బైకుల్లాకు ఆనుకొని ఉన్న పేట. ఆ గాలినే అక్కడివారూ పీలుస్తారు.

జనవరిలో ముంబయిలో సూర్యోదయం ఏడు గంటలు దాటాకే. ఎండ పడి నేల వేడెక్కి ఆ మూత విడిపోవడానికి మరి మూడు నాలుగు గంటలు పడుతుంది. తిరిగి సూర్యాస్తమయం తరువాత మూత పడడం మొదలవుతుంది. అంటే ఉదయం పదకొండు గంటల నుండి సాయంత్రం నాలుగు గంటల వరకు గాలి కొంత తేలికగా ఉండే వేళ. పల్లె అలవాటు ప్రకారం తెల్లవారుజామున అయిదింటికే లేచి రోడ్డు వెంట నడిచే తాత, రోజులోకెల్లా బరువైన గాలిని ఎంచుకొని పీలుస్తున్నాడన్నమాట. ఊళ్లో ఆరోగ్యాన్నిచ్చిన అలవాటే అక్కడ ఆయాసానికి కారణమవుతున్నది.

ఎవరికి జాగ్రత్త ఎక్కువ?

1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది అందులో పాల్గొన్నారు. ఆనాడు పాతికేళ్ల వయసున్న కార్మికులు నేడు డెబ్బయికి చేరువలో ఉన్నారు. పత్తి దుమ్మును ఏళ్ల తరబడి పీల్చినవారికి బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజున ఛాతీ బిగించినట్లు ఉండడం దాని తొలి లక్షణం. అటువంటివారికీ, ఉబ్బసం ఉన్నవారికీ, ఏళ్లుగా బీడీ కాల్చినవారికీ చల్లని పొగగాలి తగిలితే శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి.

గుండె సంగతి మరొకటి. చలికి రక్తనాళాలు సన్నబడి రక్తపోటు పెరుగుతుంది. గుండెపోట్లు తెల్లవారుజాము నుండి ఉదయం వేళలలోనే ఎక్కువగా సంభవిస్తాయని వైద్యులు చెబుతారు. కనుక రక్తపోటు ఉన్నవారు తెల్లవారుతూనే చన్నీళ్ల స్నానం చేసి బయటికి నడవడం మంచిది కాదు.

గదిలో ఉంటే క్షేమమా?

చలి అని తలుపు, కిటికీ మూసిన ఖోలీలో పోపు పొగ, అగరుబత్తి పొగ, దోమల చుట్ట పొగ బయటికి పోయే దారి ఉండదు. ఒకరి జలుబు అయిదుగురికి అంటుతుంది. వెచ్చదనానికని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే ప్రాణాపాయమే. ఆ నిప్పు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే మనిషిని కబళిస్తుంది. వీధిలో ప్లాస్టిక్, చెత్త వేసి కాచుకునే మంట కూడా ఊరి చలిమంట వంటిది కాదు. దాని పొగ విషం.

ఇక కదలక కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుంటాయి, చక్కెర పెరుగుతుంది, మనసు కుంగుతుంది. కాబట్టి వేళ చూసుకొని బయలుదేరడమే మంచి దారి.

ఒక ఆదివారం ఇలా గడపవచ్చు

ముందుగా సెల్‌ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి ‘సమీర్’ యాప్ తెరచి గాలి నాణ్యత సూచీ చూడాలి. 100 లోపు ఉంటే సంతృప్తికరం. 101 నుండి 200 వరకు ఉంటే, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు మెల్లగా నడుస్తూ, మధ్యమధ్య కూర్చుంటూ షికారు చేయవచ్చు. 200 దాటితే అటువంటివారు ఆనాటి షికారు మానుకోవడం మంచిది. 300 దాటితే ఎవరైనా ఇంటిపట్టున ఉండవలసిందే.

ఉదయం వేడినీళ్ల స్నానం, వేళకు మందులు, జొన్నరొట్టెతో కడుపు నిండా భోజనం. చక్కెర వ్యాధి ఉన్నవారు మందు వేసుకొని తినకుండా బయలుదేరకూడదు. చేతిసంచిలో ఆనాటి మాత్రలు, డాక్టరు చీటీ, ఉబ్బసం పంపు, నీళ్ల సీసా, ఒక శాలువా. పంపు అలవాటైతే మానలేమన్న భయం కొందరికి ఉంది. అది అపోహ. పంపులోని మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది కనుక తక్కువ మోతాదుతోనే పని జరుగుతుంది. శాలువా ముక్కుకు చుట్టుకుంటే గాలి వెచ్చబడుతుంది కాని, సన్నని దుమ్ము ఆగదు. దుమ్మును ఆపేది ఎన్-95 మాస్కు. ఆయాసం ఉన్నవారు దానిని ధరించే ముందు డాక్టరును అడగాలి.

పదకొండు గంటలకు బయలుదేరితే చాలు. రాణీబాగ్ కామాఠీపుర నుండి రెండు మూడు కిలోమీటర్లే. ‘బెస్ట్’ బస్సు కనీస చార్జీ 2025 మే నెలలో 10 రూపాయలైంది. పెద్దవారిని నడిపించి అలసట తెచ్చేకన్నా ఆ పది రూపాయలు మేలు. రాణీబాగ్ అసలు పేరు వీరమాత జిజాబాయి భోస్లే ఉద్యానం. బుధవారం సెలవు. రోడ్డు పక్క కన్నా పెద్ద చెట్ల మధ్య దుమ్ము తక్కువ. ఎండ పడే బల్ల చూసి పెద్దవారిని కూర్చోబెట్టవచ్చు. 1872లో ప్రారంభమైన డాక్టర్ భావూ దాజీ లాడ్ మ్యూజియం ఆ పక్కనే ఉంది. దాని ఆవరణలో ఘారాపురి దీవి నుండి తెచ్చిన నల్లరాతి ఏనుగు ఉంది. పోర్చుగీసువారు ఆ దీవికి ఎలిఫెంటా అని పేరు పెట్టింది ఈ ఏనుగును చూసే.

పిల్లలు ముందుగా పరుగెత్తేది పెంగ్విన్ల వద్దకు. 2016లో తెచ్చిన ఆ హంబోల్ట్ పెంగ్విన్ల కోసం 16 నుండి 18 డిగ్రీల చల్లదనం కల్పించారు. అంటే ముంబయి జనవరి తెల్లవారుజాము చలి ఎంతో, పెంగ్విన్ల గది చలి దాదాపు అంతే. తాత శాలువా కప్పుకొని లోపలికి వెళ్లి రావచ్చు. ఎండలో నుండి ఒక్కసారిగా చల్లదనంలోకి పోతే దగ్గు వచ్చేవారు బయట కూర్చోవడం మేలు.

అవ్వల విషయంలో ఒక మాట. బయట మరుగుదొడ్డి దొరకదేమోనన్న జంకుతో చాలామంది ఆడవారు ఉదయం నుండి నీళ్లు తాగరు. చలికాలంలో దాహమూ వేయదు. దానివల్ల కళ్లు తిరగడం, మూత్రంలో మంట వస్తాయి. తోటలోకి వెళ్లగానే మరుగుదొడ్డి ఎక్కడ ఉందో కోడలు చూసి చెబితే, అవ్వ నిశ్చింతగా నీళ్లు తాగుతుంది.

నాలుగింటికి తిరుగుముఖం పట్టాలి. సముద్రం చూడాలనుకునేవారు మరొక ఆదివారం గిర్‌గావ్ చౌపాటీకి ఇదే వేళకు వెళ్లవచ్చు.

ఎప్పుడు ఆగాలి?

జ్వరం ఉన్నా, రాత్రి ఆయాసంతో నిద్ర లేకున్నా ఆనాడు బయలుదేరకూడదు. దారిలో ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, పూర్తి వాక్యం పలకలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలిబడినా, మూతి వంకర పోయి మాట తడబడినా ఇంటికి తీసుకుపోవద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కామాఠీపురకు దగ్గరలో ముంబయి సెంట్రల్ వద్ద నాయర్ ఆసుపత్రి, బైకుల్లా వైపున జె.జె. ఆసుపత్రి ఉన్నాయి. ఊరి డాక్టరు రాసిన చీటీలు ఆ సమయంలో ఎంతో ఉపకరిస్తాయి. సరిహద్దు గ్రామాల నుండి వెళ్లేవారు వాటిని పెట్టె అడుగున కాక చేతిసంచిలో ఉంచుకోవాలి.

సంక్రాంతికి మన సకినాలు, వారి తిళ్‌గూళ్ ఒకే పళ్లెంలో పంచుకునే గల్లీలవి. అక్కడికి వెళ్లిన తాతకూ అవ్వకూ ఆ నెల రోజులలో నాలుగే ఆదివారాలు దక్కుతాయి. తెల్లవారి నడకను పదకొండు గంటలకు మార్చుకొని, పంపూ శాలువా వెంట ఉంచుకుంటే ఆ నాలుగింటినీ గదిలో పోగొట్టుకోనవసరం లేదు. ఊరికి తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నప్పుడు, ఆసుపత్రి వరుసలతోపాటు మనుమడు చేయి పట్టి చూపించిన పెంగ్విన్ల ముచ్చట కూడా చెప్పుకోగలుగుతారు.