వెన్నుపాము దెబ్బ – పరిశోధన ఎవరికి చేరవలెను?

అమ్రాబాద్ పీఠభూమిలో చెంచులు తేనె కొరకు చెట్లెక్కుతారు, తాళ్ళ సాయంతో కొండచరియలకు దిగుతారు. మైదాన గ్రామాలలో గీత కార్మికులు తాడిచెట్లు ఎక్కుతారు. పట్టు తప్పి పడినప్పుడు చెయ్యో కాలో విరిగితే అతుకుతుంది. వెన్నుపాము నలిగితే మాత్రం మనిషి మరల లేచి నడవలేకపోవచ్చు. మన దేశపు ఆసుపత్రుల నివేదికలలో అనేకం ఇట్టి గాయాలకు ఎత్తు నుండి పడటాన్నే ముఖ్య కారణంగా చూపుతున్నాయి. దీనిపై ప్రపంచంలో పరిశోధన విస్తారంగా జరిగినది. అది చెట్టు కింద నిలబడి ఉన్నవారికి చేరినదా అన్నదే నా ప్రశ్న.

వెన్నుపాము చిటికెన వేలంత లావున, వెన్నుపూసల నడుమ సురక్షితంగా ఉండే నాడీరజ్జువు. గాయం రెండు దశలలో జరుగుతుంది. మొదటిది దెబ్బ తగిలిన క్షణం. రెండవది ఆ తరువాతి గంటలు, దినాలు: వాపు పెరిగి, రక్తప్రసారం తగ్గి, అంతవరకు బ్రతికి ఉన్న నాడీకణాలు కూడా చనిపోతాయి. కదిలిన పూస అటునిటు జరిగితే నష్టం ఇంకా పెరుగుతుంది. పడినవానిని చంకల కింద ఒకరు, మోకాళ్ళ కింద ఒకరు పట్టి మడిచి, ఆటోలో కూర్చోబెట్టి తెచ్చే అలవాటు ఎంత ప్రమాదకరమో దీనిని బట్టి గ్రహించవచ్చును.

మన శాస్త్రం ఈ సంగతి ఎన్నడో గుర్తించినది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం మూడవ అధ్యాయంలో కపాట శయనం చెప్పబడినది. కపాటం అనగా తలుపు. తొడ, పిక్క విరిగినవానిని చెక్కపై పరుండబెట్టి, ఐదు చోట్ల మేకులు నాటి కదలకుండా కట్టవలెనని విధి. కటి, వెన్నెముక, రొమ్ము భగ్నాలకు కూడా ఇదే పద్ధతి అని ఆచార్యుడు చేర్చాడు. గూడెంలో స్ట్రెచర్ దొరకకపోవచ్చు గాని తలుపు చెక్క దొరుకుతుంది. ఒకరు తలను రెండు చేతులతో తిన్నగా పట్టుకొని, ముగ్గురు నలుగురు ఒక్కసారిగా, దుంగను దొర్లించినట్లు మనిషిని చెక్కపైకి చేర్చవలెను. ఆనాడు తైలమర్దనం, నడుము లాగడం, ఎముకలు సర్దడం ఏదీ చేయరాదు. ఆసుపత్రి చేరగానే చెక్క తీసివేయవలెను. స్పర్శ లేని చర్మం గట్టి బల్లపై త్వరగా పుండు పడుతుంది.

ఇక శాస్త్రవేత్తల మధ్య విజ్ఞానం ఎట్లు ప్రవహిస్తున్నదో చూద్దాం. 1990లో అమెరికా పరిశోధకులు, దెబ్బ తగిలిన 8 గంటలలోపు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అధిక మోతాదులో ఇస్తే మేలని ప్రకటించారు. పూర్తి వ్యాసం అచ్చు కాకముందే వైద్యులకు వార్త పంపారు. అది దేశదేశాల వాడుకలోకి వచ్చినది. ఇతరులు లెక్కలను నిశితంగా పరిశీలించిన పిదప సందేహాలు పెరిగి, 2013లో అమెరికా నాడీశస్త్రవైద్యుల సంఘాల మార్గదర్శకాలు దానిని వాడవద్దన్నవి. నేటికీ ఏకాభిప్రాయం లేదు. లెక్కలు మొదటి నుండీ అందరి ముందుంటే ఈ వాదం ఇన్నేళ్ళు సాగేదా?

దీనికి భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1990ల నడుమ అక్కడి ప్రయోగశాలలలో ఎలుకలపై జరిపిన ప్రయోగాల పాత దత్తాంశాన్ని తరువాతి తరం పరిశోధకులు తిరిగి పరిశీలించారు. శస్త్రచికిత్స వేళ రక్తపోటు బాగా పెరిగిన జంతువులు తక్కువగా కోలుకున్నవని 2015లో వెల్లడించారు. ఆ సంగతి అన్నేళ్ళు ఆ అంకెలలోనే దాగి ఉన్నది. ఇట్టి దత్తాంశాన్ని, విఫలమైన ప్రయోగాలతో సహా, అందరికీ అందుబాటులో ఉంచుటకు నేడు వెన్నుపాము గాయాలకే ప్రత్యేకించిన ఓపెన్ డేటా కామన్స్ అను భాండాగారం పనిచేస్తున్నది. మా ఆయుర్వేద వైద్యులకు కూడా నేను కోరేది ఇదే. ఫలానా తైలంతో లేచి నడిచాడని చెప్పేవారు, ముందు ఏ స్థితిలో ఉన్నాడో, అదే తైలంతో ఎందరు లేవలేదో కూడా వ్రాసి చూపవలెను.

ఈ విజ్ఞానం అందని చోట ఆశను అమ్మేవారు చేరుతారు. మూలకణాలతో కాళ్ళు వస్తాయని లక్షలు వసూలు చేసేవారున్నారు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి మూలకణాలు ఆమోదిత చికిత్స కాదు. అనుమతి పొందిన పరిశోధనలో మాత్రమే వాడవచ్చును. ఆ పరిశోధన నిజమైనదైతే, 2007లో ఏర్పడిన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని వివరం ఉండవలెను. ఎవరైనా ఉచితంగా చూడవచ్చును. పరిశోధన పేరు చెప్పి రోగి నుండే సొమ్ము అడిగితే అనుమానించండి.

1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్ పనిచేయనారంభించే నాటికి ఇట్టి రోగులలో అధికులు ఒత్తిడి పుండ్లతో, మూత్రాశయ వ్యాధులతో మరణించేవారు. రెండు గంటలకొకసారి పక్క మార్చుట, మూత్రం నిలవకుండా చూచుట అనే జాగ్రత్తలు ఎన్నో ప్రాణాలు నిలిపినవి. ఇందులో ఇంటివారు చేయలేనిది లేదు. మూత్రనాళిక పెట్టే పద్ధతి మాత్రం ఆసుపత్రిలో నేర్చుకొనవలెను. స్పర్శ పోయిన కాళ్ళకు ఇసుక మూటలతో, వేడి ఆకులతో కాపడం పెట్టరాదు. చర్మం కాలినా రోగికి తెలియదు.

సమాచారం ఇటు నుండి అటు కూడా వెళ్ళవలెను. 108కు ఫోన్ చేసిన తరువాత ఒక చీటీపై ఎంత ఎత్తు నుండి పడ్డాడు, ఏ గంటకు, ఎట్లు మోసుకొచ్చారు, పడిన వెంటనే కాలివేళ్ళు కదిలినవా అన్నవి వ్రాసి రోగితో పంపండి. డాక్టరుకు అది చికిత్సకు పనికివస్తుంది. దానిని కేసు కాగితంలో చేర్చమని కూడా అడగండి. తేనె చెట్ల నుండి పడినవారి సంగతి పరిశోధకులకు చేరుటకు ఆ కాగితమే ఆధారం.