రిస్పా కూర్చున్న బండ

అనంతపురం సీమలో వాన కోసం ఎదురుచూడటం ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వర్షం పడే ఈ ఎర్రనేలల్లో తొలకరికి వేరుశనగ విత్తిన రైతు, ఊడలు దిగే వేళకు చినుకు రాలక ఆకాశంకేసి చూస్తాడు. పంట పోతే పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట్లో తాత, జేజి మిగులుతారు. బైబిల్లోనూ కరవు కాలంలో వాన పడేదాకా బండమీద కూర్చున్న ఒక తల్లి ఉంది. ఆమె పేరు రిస్పా. అయితే ఆమె కూర్చున్నది పంట కోసం కాదు.

దావీదు కాలంలో వరుసగా మూడేళ్లు కరవొచ్చింది. సౌలు గిబియోనీయులను చంపించిన పాపమే దానికి కారణమని తేలింది. వారి కోరిక మేరకు సౌలు వంశంలో ఏడుగురిని కొండమీద ఉరితీశారు. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. యవలకోత మొదలైన నాటినుండి వాన కురిసేదాకా ఆ తల్లి బండపై గోనెపట్ట పరచుకొని, పగలు పక్షులను, రాత్రి అడవి మృగాలను ఆ దేహాల దగ్గరికి రానివ్వలేదు (2 సమూయేలు 21:1-14). ఆమె పలికిన ఒక్క మాట కూడా గ్రంథంలో లేదు. పోయిన బిడ్డలను ఆమె బతికించుకోలేకపోయింది కానీ, వారిని విడిచి వెళ్లలేదు. ఆ సంగతి దావీదు చెవిన పడింది. ఆయన ఆ ఎముకలను ఏరించి, సౌలు, యోనాతానుల ఎముకలను సమాధి చేయించాడు. ఆ తర్వాతే దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు ఆలకించాడు.

విడిచి వెళ్లకపోవడం ఎంత పెద్ద పరిచర్యో ఈ సీమకు తెలుసు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. భార్య అన్నే ఫెర్రర్‌తో కలిసి ఆర్డీటీ సంస్థ ద్వారా పేదలకు ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టించారు. కరవు చూసి వెనుదిరగక నలభై ఏళ్లు ఇక్కడే ఉండిపోయారు. 2009 జూన్ 19న అనంతపురంలోనే కన్నుమూశారు. ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లిలో, ఈ మట్టిలోనే ఆయన సమాధి ఉంది.

మరి మనం? మంచం పట్టిన పెద్దాయన ‘నేనింక బతకను’ అనగానే ‘అలా అనకండి, విశ్వాసముంచండి’ అంటూ ఆయన నోరు మూయిస్తాం. గబగబా ప్రార్థన చేసి లేచి వస్తాం. తీరని అప్పు గురించో, మాటల్లేని తమ్ముడి గురించో, తనను ఎవరి పక్కన సమాధి చేయాలో ఆయన చెప్పాలనుకున్నది ఆయనతోనే పోతుంది. చేయి పట్టుకుని కాసేపు కూర్చుంటే ఆ మాటలు బయటికొస్తాయి, సమాధానపడేందుకు దారి దొరుకుతుంది. అప్పుడు చేసే ప్రార్థనకు బరువుంటుంది.

ఆదరణ కూడిక ముగిసి, పాత్రలు కడిగి, బంధువులు ఊళ్లకు వెళ్లాకే విధవరాలి ఇంట్లో అసలైన రాత్రి మొదలవుతుంది. సంఘం వెళ్లవలసింది ఆ మరుసటి వారం. వాక్యాలు వల్లించక్కర్లేదు, ఆమె ఏడిస్తే వారించక్కర్లేదు. గెత్సేమనేలో ప్రాణం తల్లడిల్లిన వేళ యేసుప్రభువు కూడా శిష్యులను వివరణలు అడగలేదు. తనతో మెలకువగా ఉండమని మాత్రమే అడిగాడు (మత్తయి 26:38). వారు నిద్రపోయారు.

ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడని అర్థం. ఆ తోడును రుచి చూసిన మనం ఈ వారం మన వీధిలో ఒంటరిగా మిగిలిన ఒక్క గడపైనా తొక్కుదాం. తొందరపడి లేవకుండా, కాసేపు కూర్చుందాం.