ప్రవాసమున డేగవేట: అనుజ్ఞాపత్రము, ఆచార్యుడు

వానలు వెనుకబట్టి, ఉత్తరదిక్కునుండి దిగివచ్చిన పరజలు కొల్లేటి కిక్కిసపొదల నడుమ గుంపులు గట్టు శీతకాలమున, వాని వెనువెంటనే వచ్చు బైరిడేగలును, జమ్ముమీద తక్కువయెత్తున తేలియాడుచు ఎర వెదకు గద్దలును ఏలూరు, కైకలూరు ప్రాంతముల పెరిగినవారికి క్రొత్తవి కావు. అయినను ఆ పక్షిని ముంజేత నిలిపి వేటాడవలెనను కోరిక తాడేపల్లిగూడెమున నివసించువానికి కలిగినచో, అది కోరికగానే మిగులవలసినది. ఏలయన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము బైరిడేగను మొదటి షెడ్యూలులో చేర్చి, చంపుటనే గాక పట్టుటను సైతము వేటగానే పరిగణించుచున్నది. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది, 2002లో రామ్సారు జాబితాకెక్కినది. ఈ కట్టుబాటు న్యాయమైనదనియే నా అభిప్రాయము. అయితే అమెరికాకు వలసపోయిన మనవారికి అచ్చట ఇదే విద్యకు చట్టసమ్మతమైన ద్వారమొకటి తెఱచియున్నది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. వేంగికై చోళులతో పెనుగులాడిన కల్యాణి చాళుక్యుల వంశమున పుట్టిన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో శ్యేనవినోదమునకు చోటిచ్చెను. నెల్లూరున వైద్యాధికారిగా పనిచేసిన జెర్డను దొర 1862లో ప్రకటింప నారంభించిన తన పక్షిగ్రంథమున డేగల తెలుగు పేర్లనుగూడ శ్రద్ధతో చేర్చెను. అన్నిటికంటె నాకు విచిత్రముగా తోచునది క్రైగ్‌హెడ్ సోదరుల వృత్తాంతము. ఫ్రాంకు, జాను అను ఈ అమెరికా కవలలు 1937లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికయందు తమ డేగలనుగూర్చి వ్రాయగా, భావనగర రాజకుటుంబమునకు చెందిన ధర్మకుమారసింహజీతో వారికి ఉత్తరప్రత్యుత్తరములు సాగి, 1940లో ఆ యువకులిద్దఱును ఆయన అతిథులై వచ్చి, అచ్చటి డేగకాండ్ర నైపుణ్యమును నెలల తరబడి కనులార చూచిరి. ఆ రాజకుమారుని అగ్రజుడు కృష్ణకుమారసింహజీయే 1948 మొదలు 1952 వఱకు, ఏలూరు ఇంకను మదరాసు రాష్ట్రమున ఉన్న దినములలో, ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండెను. నాడు మన దేశమునకు చూచి నేర్వవచ్చిన వారి దేశమునకే నేడు మనవారు ఆ విద్యకొఱకు దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చుట కాలవైపరీత్యమనక తప్పదు. నేటికిని అమెరికా డేగవేటకాని సామగ్రిలో ఈ ఉపఖండపు వస్తువులు కనబడుచునే యుండును: పక్షి కన్నులను మూయు ఇండియను టోపీ, కాలికి కట్టు లాహోరు గజ్జెలు, లోపల ఎలుకనుంచి పైని ఉరులు బిగించిన బాల్‌ఛత్రి యను చిన్న పంజరము. పూర్వము గుఱ్ఱపు వెండ్రుకలతో అల్లిన ఆ ఉరులను ఇప్పుడు నైలాను దారముతో అల్లుచున్నారు. ఉపాయము మాత్రము మార్పుచెందలేదు.

అమెరికాలో వలసపక్షుల ఒడంబడిక చట్టము 1918లోనే వచ్చినను, మెక్సికోతో 1972లో జరిగిన సవరణ వలననే డేగలు, గద్దలు దాని రక్షణలోనికి వచ్చెను. 1976లో కేంద్రప్రభుత్వము డేగవేటకు నియమములు ఏర్పఱచెను. 2014 మొదలుకొని అనుజ్ఞాపత్రము నిచ్చు అధికారము పూర్తిగా రాష్ట్రములదే. హవాయి ఒక్కటి తప్ప తక్కిన 49 రాష్ట్రములును ఇచ్చుచున్నవి. శ్రేణులు మూడు: అప్రెంటిసు, జనరల్, మాస్టరు. కేంద్రనియమము ప్రకారము అప్రెంటిసునకు 12 ఏండ్లు నిండిన చాలును గావున, అచ్చట పుట్టిన మన పిల్లలును తల్లిదండ్రుల సంతకముతో చేరవచ్చును. అయితే రాష్ట్రమంతకంటె కఠినమైన నియమము పెట్టవచ్చును. కనీసము రెండేండ్లు, ఏటేట నాలుగు నెలలకు తక్కువ కాకుండ పక్షిని పెంచి, తరిఫీదిచ్చి, వేటాడించినపిమ్మట జనరల్ శ్రేణి. ఆ శ్రేణిలో అయిదేండ్లు గడచిన తరువాత మాస్టరు. వేఱొక దేశమున ఈ విద్యనభ్యసించి వచ్చిన నూతన నివాసికి ఒక వెసులుబాటు కలదు: పరీక్షలో నూటికి 80 మార్కులు తెచ్చుకొని, తన పూర్వానుభవమునకు నిదర్శనపత్రములు చూపినచో, ఏ శ్రేణికి తగునో రాష్ట్రమే నిర్ణయించును. కొల్లేటిగట్టున గద్దలను చూచిన అనుభవము దీనికి చెల్లదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

అప్రెంటిసు వ్రాయవలసిన పరీక్ష కష్టమైనది కాదు. పక్షుల రోగములు, ఆహారము, చట్టము చదివినవాడు గట్టెక్కును. కష్టమైనది ఆచార్యుని సంపాదించుట. జనరల్ శ్రేణిలో కనీసము రెండేండ్ల అనుభవము గలిగి, 18 ఏండ్లు దాటిన డేగవేటకాడొకడు ఈ శిష్యునికి పెంపకమును, తరిఫీదును, చట్టమును నేర్పుదునని లేఖ వ్రాసియిచ్చినగాని అప్రెంటిసునకు అనుజ్ఞ లభింపదు. గురుకులమును ప్రభుత్వము ఒక దరఖాస్తు కాగితములోనికి తెచ్చిన వేఱొక విద్య నాకు తెలియదు. ఆ వ్యక్తి రుసుము పుచ్చుకొను ఉపాధ్యాయుడు కాడు; తన సెలవుదినములను పరాయివాని పక్షికై వెచ్చించువాడు. కావున ముఖపరిచయము లేకయే ‘నాకు సంతకము పెట్టుడు’ అని ఉత్తరము వ్రాయుట మర్యాద గాదు, ఫలింపదు కూడ. రాష్ట్రపు డేగవేట సంఘములో చేరి, చలికాలమున వారు జరుపు కూటములకు పోయి, ముండ్లపొదలను కఱ్ఱతో కొట్టుచు కుందేళ్ళను లేపుటలో వారికి తోడ్పడినవానికి ఆచార్యుడు తానే దొరకును.

అటుపిమ్మట పక్షిశాల. అధికారి వచ్చి గోడలు, గవాక్షము, కూర్చుండు కొయ్య, స్నానపు తొట్టి, తూనిక, తోలుపట్టెలు పరీక్షించి సమ్మతించినగాని పక్షిని ఇంట నుంచరాదు. అద్దెయింటివారు యజమాని అంగీకారమును, కాలనీలలోనివారు గృహయజమానుల సంఘపు నిబంధనలను ముందే విచారించుకొనవలెను. ఇంతకంటె చిక్కైనది మఱియొకటి కలదు: ఆవకాయ జాడీ ప్రక్కన కోడిపిల్లల కళేబరములు ఫ్రీజరులో చేరుటకు గృహిణి సమ్మతింపవలెను, ఆ సమ్మతికి ఏ రాష్ట్రమునను దరఖాస్తు లేదు.

అప్రెంటిసు ఉంచుకొనదగిన పక్షి ఒక్కటియే. తఱచుగా అది ఆ యేటనే పుట్టి స్వయముగా వేటాడనేర్చిన ఎఱ్ఱతోక గద్ద. దానిని ప్రతిదినము తూచవలెను. కొద్దిపాటి బరువు పెరిగినను అది పిలుపునకు రాదు, కొద్దిపాటి తగ్గినను నీరసించును. వేటలైసెన్సును వేఱుగా పొంది, వేటకాలమున మాత్రమే పొలములకు తీసికొనిపోవలెను. నెలకు రెండుమార్లు విమానమెక్కు ఉద్యోగమున్నవారు ఈ విద్యను విరమించుటయే పక్షికి చేయు ఉపకారము.

ఇతరదేశముల సంగతి సంగ్రహముగా చెప్పుదును. బ్రిటనులో బందీగా పుట్టిన పక్షిని పెంచుటకు ఇట్టి పరీక్షలు లేవు, కొన్ని జాతులను మాత్రము నమోదు చేయవలెను. జర్మనీలో ముందు వేటపరీక్ష, తరువాత డేగపరీక్ష. అరబ్ ఎమిరేట్సు 2002 నుండి డేగలకే పాస్‌పోర్టులిచ్చుచున్నది. 2021 నాటికి 24 దేశములు ఈ విద్యను యునెస్కో వారసత్వపట్టికలో చేర్పించుకొనగా, అందులో పాకిస్తాను కలదు, భారతదేశము లేదు.

అమెరికా అనుజ్ఞాపత్రము కొల్లేటిగట్టున చెల్లదు. సెలవులకు స్వగ్రామము వచ్చినప్పుడు సంతలో ఎవడైన జాలెడేగపిల్లను అమ్మజూపినచో కొనరాదు, పెంచరాదు, పెట్టెలో పెట్టి తీసికొనిపోజూడరాదు, అటవీశాఖవారికి తెలియజేయవలెను. ఆటపాక గట్టున గూడబాతులను చూడబోయినవారు గద్దలను సైతము దుర్భిణితో చూచి రావచ్చును, అందులకు అనుజ్ఞాపత్రముతో పనిలేదు.