కొద్ది కొద్దిగా తినుచు, నిండుగా బ్రతుకుట



ఒకే ఇంటిలో ఒకరి తరువాత ఒకరు ఒకే జబ్బుతో చనిపోతే, "ఆ వంశానికి ఏదో శాపం తగిలింది" అంటారు. న్యూజీలాండ్ దేశములో టౌరంగా ప్రాంతపు మావోరీ కుటుంబమొకదానిని గూర్చి కూడ కొందరు ఇట్లే తలంచారు. ఆ పెద్ద కుటుంబములో ముప్పది ఏండ్లలో 25 మంది జీర్ణాశయ క్యాన్సరుతో మరణించారు. వారిలో ఎక్కువమందికి నలుబది ఏండ్లు నిండలేదు. 14 ఏండ్లకే పోయినవారు కూడ ఉన్నారు.

అయితే ఆ కుటుంబమువారే కారణము తెలుసుకోవాలని పూనుకొన్నారు. వారి సహకారముతో ఒటాగో విశ్వవిద్యాలయములోని పారీ గిల్ఫర్డ్ గారు, ఆయన తోటి శాస్త్రజ్ఞులు 1998లో అసలు సంగతి కనుగొన్నారు. అది శాపము కాదు, సి.డి.హెచ్.1 అను జన్యువులోని లోపము. తల్లి నుండి గాని తండ్రి నుండి గాని అది బిడ్డకు రావచ్చును. ప్రతి బిడ్డకు వచ్చుటకు ఎంత అవకాశమో, రాకుండుటకు కూడ అంతే. రక్తపరీక్షలో తెలిసిపోతుంది.

ఈ రకపు క్యాన్సరు గడ్డగా పెరుగదు. విత్తనములు చల్లినట్లు జీర్ణాశయపు పొర క్రింద వ్యాపిస్తుంది. ఎండోస్కోపీ పరీక్షలో కూడ మొదట్లో దొరకకపోవచ్చు. అందుచేత లోపమున్నవారిలో అనేకులు ఆరోగ్యముగా ఉన్నప్పుడే ఆపరేషను చేయించుకొని జీర్ణాశయమును పూర్తిగా తీసివేయించుకుంటారు. వైద్యులు అన్నవాహికను చిన్న ప్రేగుతో కలుపుతారు. కొందరు ఆపరేషను వద్దనుకొని ఏటేటా పరీక్షలు చేయించుకుంటారు.

జీర్ణాశయము లేకుండ మనిషి ఎట్లు బ్రతుకుతాడు? బ్రతుకుతాడు, కాని క్రొత్తగా తినుట నేర్చుకోవాలి. మొదటి నెలలు కష్టము. బరువు బాగా తగ్గుతుంది, నీరసము ఉంటుంది, ఆకలి తెలియదు. మూడు పూటల అన్నమును ఆరు చిన్న భాగములు చేసి, బాగా నమిలి తినాలి. నీళ్లు అన్నముతో గాక మధ్యలో త్రాగాలి. తీపి ఎక్కువైతే చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, పడుకోవలసి వస్తుంది. బి12 విటమిను ఇంజెక్షను జీవితాంతము అవసరము. ఏడాది తిరిగేసరికి చాలామంది కుదుటపడి తమ పనులకు వెళ్తున్నారు. ఆ తరువాత బిడ్డలను కన్న తల్లులున్నారు. కొందరికి మాత్రము బాధలు మిగిలిపోతాయి. స్త్రీలకు రొమ్ము పరీక్షలు కూడ తప్పవు. అయినను "నా వంతు ఎప్పుడు?" అను భయము చాలావరకు తొలగిపోవుట గొప్ప మేలు.

ఇట్టివారు మన మధ్య ఉంటే మనమేమి చేయాలి? "ఇంకొంచెం వేసుకో" అని బలవంతము చేయుట మనకు ప్రేమ, వారికి శిక్ష. విందులో గుప్పెడు తిని లేచినవానిని తప్పు పట్టకూడదు. పొలములో పనిచేయునప్పుడు నడుమ నడుమ తిననివ్వాలి. ఉపవాస ప్రార్థనకు రమ్మందుము గాని, ఉపవాసముండమని ఒత్తిడి చేయకూడదు. దీర్ఘమైన కూడికలో వారు డబ్బా తెరిచి తింటే అది అమర్యాద కాదని సంఘపెద్దలే ముందుగా చెప్పాలి. పరీక్ష ఫలితము బయటపడితే పిల్లల పెండ్లి సంబంధములు చెడునని తల్లిదండ్రులు భయపడతారు. అట్టి రహస్యమును కాపాడుట కాపరులమైన మా విధి.

పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపము కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చిచెప్పాడు. అలసిపోయిన ఏలీయాకు దేవదూత ఒకేసారి కడుపునిండ పెట్టలేదు. తిని పడుకోనిచ్చి, మరల లేపి పెట్టాడు. మన దేవుడు కొద్ది కొద్దిగా తినిపించుట కూడ ఎరిగినవాడు.

ఒక మాట. ఈ లోపము అరుదైనది. కడుపునొప్పి వచ్చిన ప్రతివారు భయపడనక్కరలేదు. కాని దగ్గరి రక్తసంబంధులలో ఇద్దరికి గాని అంతకెక్కువమందికి గాని, ముఖ్యముగా చిన్న వయస్సులో, జీర్ణాశయ క్యాన్సరు వచ్చియుంటే, ఆ సంగతి క్యాన్సరు వైద్యునికి దాచక చెప్పండి. ప్రార్థించి వెళ్లండి, వెళ్లి అడగండి. తెలుసుకొనుట అవిశ్వాసము కాదు.

ప్రభువు మీ భోజనపు బల్లలను దీవించును గాక.