చుక్క తెగిపడితే కీడేనా?

"చుక్క తెగిపడుతుంటే చూడగూడదు, చూస్తే ఎవరో ఒకరు పోతారు" అని పెద్దవాళ్లు అనడం మీరూ వినేవుంటారు. ఆ మాట మనసులో పడితే ఎంత బరువో మా ఇంట్లోనే చూశాను. మామయ్య పోయిన రాత్రి మా అత్తమ్మ చుక్క తెగిపడటం చూసిందట. ఆనాటినుంచి ఎండాకాలంలో కూడా దాబా మీద పడుకోదు.

నిజానికి తెగిపడేవి చుక్కలే కావు. ఇసుక రేణువంత, మహా అయితే శనగగింజంత రాతి ముక్కలు. డిసెంబరులో వచ్చేవి సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తునే వెలిగి ఆరిపోతాయి. వీటినే ఉల్కలంటారు. ఇసుక లారీ పోయిన తోవంతా ఇసుక రాలినట్లు, ఫేథాన్ అనే గ్రహశకలం సూర్యుని చుట్టూ తిరిగే దారిలో ధూళి వదిలింది. ఆ శకలాన్ని 1983లో కనుగొన్నారు. ఏటా డిసెంబరులో భూమి ఆ ధూళిలోంచి పోతుంది. 13, 14 తేదీల రాత్రులు మరీ ఎక్కువ. మిథునరాశి వైపునుంచి వస్తున్నట్లు కనబడతాయి కాబట్టి వీటికి జెమినిడ్స్ అని పేరు. మన పునర్వసు నక్షత్రం వుండేది అక్కడే. మంచి చీకటి వుంటే గంటకు నూరు దాటి కూడా కనబడతాయి.

హైదరాబాదులో అన్ని దీపాల మధ్య ఏం కనబడతాయి, పాపం! మా నారాయణఖేడ్‌లో ఊరు దాటితే చేలు, చీకటే.

2023 డిసెంబరు 14. అమావాస్య పోయి రెండు రోజులే అయింది. పిల్లలు బతిమాలి బతిమాలి అత్తమ్మను దాబా ఎక్కించారు. గొంగడి కప్పుకుని గోడకేసి తిరిగి కూర్చుంది. పిల్లలేమో ఒక్కో ఉల్కకు ఒక్కో శనగగింజ స్టీలు గిన్నెలో వేస్తున్నారు. ఆ టంగు టంగు మోత వినీ వినీ ఆమే ఇటు తిరిగింది. రెండు గంటల్లో అరవై నాలుగు గింజలు!

"ఏమే పిల్లా, గిన్ని తెగినయి. ఊర్ల గిన్ని పానాలు పోతయా?" అన్నది.

"ఎట్ల పోతయి అత్తమ్మా?" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఆయన పోయింది నేను సూసినందుకు కాదన్నట్టు" అని, గిన్నె తన దగ్గరికి లాక్కుంది. తర్వాత గింజలు తానే వేసింది.

మీరూ చూడాలంటే పైసా ఖర్చు లేదు, దూరదర్శిని అక్కరలేదు. రాత్రి పది దాటాక చాప పరుచుకుని వెల్లకిలా పడుకోండి. అర్ధరాత్రి తర్వాత ఇంకా బాగుంటుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలైనా పడుతుంది, ఆలోగా ఎవరూ సెల్‌ఫోన్ వెలిగించకుండా చూసుకోండి (మగవాళ్లకు ముందే చెప్పాలి!). వెన్నెల వున్న ఏడు తక్కువ కనబడతాయి. ఆగస్టు 12, 13 రాత్రులు పెర్సీడ్స్ వస్తాయి గాని, అప్పుడు మనకు మబ్బులు. చలి గట్టిగా వుంటుంది, పిల్లల చెవులకు మఫ్లరు కట్టండి. ఫ్లాస్కులో చాయ్ పోసుకుని పైకెక్కితే మళ్లీ మళ్లీ మెట్లు దిగే పనుండదు.