దీపం ఉండగానే ఛార్జింగ్: పవర్ బ్యాంకు కొనేముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

హోసూరులోనో, బళ్లారి పక్క పల్లెలోనో, పర్లాకిమిడిలోనో తెలుగు మీడియంలో చదివే పిల్లవాడికి పాఠం అర్థం కాకపోతే అడగడానికి మనుషులు తక్కువ. పక్కింటివాళ్ల భాష వేరు. ట్యూషన్ మాస్టారి భాష వేరు. వీధి చివర పుస్తకాల కొట్లో తెలుగు గైడు దొరకదు. ఒక్కోసారి పాఠ్యపుస్తకమే ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ఆ పిల్లవాడికి దిక్కు నాన్న ఫోనే. ఆంధ్ర, తెలంగాణ పుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి దీక్ష యాప్‌లో పాఠం వింటాడు. టీచరు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చదువుకుంటాడు. సాయంత్రం నాన్న పని నుంచి వచ్చేసరికి ఫోన్‌లో ఛార్జింగ్ పది శాతం ఉండి, ఇంట్లో కరెంటు లేకపోతే ఆ రోజుకి తెలుగు పాఠం ఆగిపోయినట్టే.

అందుకే ఈమధ్య తల్లిదండ్రుల సమావేశాల్లో ఫీజులు, బస్సులతో పాటు పవర్ బ్యాంకు సంగతి కూడా వస్తోంది. ‘ఏది కొనాలి సార్, ఎంతది కొనాలి’ అని అడుగుతున్నారు. సంతలో చవకగా కనిపించింది తెచ్చుకుని, నెల తిరక్కుండా మూలన పడేసినవాళ్లూ ఉన్నారు. డబ్బా మీద రాసిన నాలుగు ముక్కలు అర్థమైతే ఈ కొనుగోలులో మోసపోయే అవకాశం చాలా తగ్గుతుంది.

పదివేలు అంటే పదివేలేనా?

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 10,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. ఎంఏహెచ్ అంటే మిల్లీ ఆంపియర్ అవర్. మన ఫోన్ బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అయితే రెండుసార్లు నిండాలి కదా అనుకుంటాం. నిండదు. ఇందులో మోసం లేదు, లెక్క ఉంది.

పవర్ బ్యాంకు లోపలి లిథియం సెల్ వోల్టేజి సుమారు 3.7 వోల్టులు. డబ్బా మీద రాసిన పదివేలు ఆ వోల్టేజి దగ్గర లెక్క. 10 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్లు. అందులో దాచుకున్న అసలు శక్తి అదే. బయటికి వచ్చే యూఎస్‌బీ కరెంటు 5 వోల్టులు. 37ను 5తో భాగిస్తే 7.4, అంటే 7,400 ఎంఏహెచ్. వోల్టేజి పెంచే సర్క్యూట్‌లో కొంత వేడి రూపంలో పోతుంది. చివరికి చేతికి వచ్చేది ఆరు వేల పైచిలుకు. మంచి కంపెనీలు ఈ అంకెను కూడా డబ్బా మీద చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని రాస్తాయి. కొనేటప్పుడు చూడాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

ఫోన్ ఛార్జ్ అయ్యేటప్పుడు అక్కడా కొంత నష్టం ఉంటుంది. అన్నీ పోగా 10,000 పవర్ బ్యాంకుతో 5,000 ఎంఏహెచ్ ఫోన్ ఒకసారి పూర్తిగా, రెండోసారి సగం దాకా నిండుతుంది. 20,000 అయితే మూడుసార్లకు కాస్త అటూ ఇటూ. ఇంతకన్నా ఎక్కువ వస్తుందని ఎవరు చెప్పినా నమ్మక్కర్లేదు.

బరువే సాక్షి

సంతలోనూ, బస్టాండు దగ్గరా 50,000 ఎంఏహెచ్ అని రాసిన పవర్ బ్యాంకులు అరచేతిలో ఇమిడేంతవి అమ్ముతుంటారు. ఇక్కడ తూకం మనకు సాయం చేస్తుంది. పవర్ బ్యాంకుల్లో తరచు వాడే బొటనవేలంత లావు గుండ్రటి లిథియం సెల్ ఒక్కోటి 45 గ్రాముల పైనే ఉంటుంది. ఎంత మంచి సెల్ అయినా దాని సామర్థ్యం మూడున్నర వేల ఎంఏహెచ్ దగ్గరే ఉంటుంది. అంటే పదివేలకు కనీసం మూడు, నాలుగు సెల్స్ కావాలి. డొక్కు, సర్క్యూట్ కలిపితే 200 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. బల్లపరుపు లిథియం పాలిమర్ సెల్ వాడినా బరువు పెద్దగా తగ్గదు. ఆ లెక్కన నిజమైన యాభై వేలది కిలోకు దగ్గరగా తూగాలి. పావుకిలో కూడా లేని డబ్బా మీద 50,000 అని ఉంటే ఆ అంకె అబద్ధం.

ఆర్ నంబరు చూశారా?

మన దేశంలో పవర్ బ్యాంకులు, వాటిలోని సెల్స్ భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర తప్పనిసరిగా నమోదై ఉండాలి. నమోదైన వస్తువు మీద ప్రమాణం సంఖ్య, దాంతోపాటు ‘ఆర్’ అక్షరం, ఒక గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, ఏ వస్తువుకు ఆ నమోదు ఇచ్చారో కనిపిస్తుంది. డబ్బా మీది పేరు, యాప్‌లోని పేరు కలవాలి. వస్తువు దగ్గర పవర్ బ్యాంకు అనే ఉండాలి. కొట్లో నిలబడి చేస్తే రెండు నిమిషాల పని.

డబ్బా మీద గరిష్ఠ ధర, తయారైన నెల, సంవత్సరం, తయారుచేసిన లేదా దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. బిల్లు తప్పక అడగాలి. బిల్లు లేకపోతే వారంటీ మాటకు విలువ లేదు.

మన పాఠకులకు ఇంకో సంగతి. కొట్టువాడితో గొడవ వస్తే తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో వాదించలేక ఊరుకునేవాళ్లు మనలో చాలామంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అది పదిహేడు భాషల్లో పనిచేస్తుంది, అందులో తెలుగు ఉంది. ఏ రాష్ట్రంలో ఉన్నా తెలుగులోనే మన ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

ఎవరికి ఎంతది?

రోజూ బస్సులో వెళ్లి వచ్చే టీచరుకు, ఇంట్లో ఒకటి రెండు ఫోన్లున్న కుటుంబానికి 10,000 సరిపోతుంది. సంచిలో బరువు తెలియదు. ఇంట్లో ట్యాబ్ ఉన్నా, తుపాన్ల దారిలో ఉన్న ఊరైనా 20,000 మేలు. అది సుమారు 350 నుంచి 450 గ్రాములు ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉంచుకునేదిగా అనుకోవాలి.

తుపాన్ల మాట ఎందుకంటే, 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్నీ, గజపతి జిల్లానూ ఒకేసారి కుదిపింది. 2022 జులైలో గోదావరి వరద యానాం వీధుల్లోకి వచ్చింది. ఇలాంటప్పుడు స్తంభాలు లేచి తీగలు బిగిసేదాకా రోజులు పడుతుంది. ఆ రోజుల్లో ఫోన్ బతికి ఉంటేనే అవతల ఉన్న చుట్టాలకు క్షేమం చెప్పగలం, 112కు ఫోన్ చేయగలం, బడి ఎప్పుడు తెరుస్తారో తెలుసుకోగలం. తుపాను హెచ్చరిక వినగానే బియ్యం, కిరసనాయిలు, అగ్గిపెట్టె చూసుకున్నట్టే పవర్ బ్యాంకు నింపి పెట్టుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు అన్నది ఇలాంటి వేళకే.

పోర్టుల సంగతి. ఇప్పుడు ఫోన్లలో టైప్ సి ఎక్కువ. పవర్ బ్యాంకును నింపడానికీ, దాన్నుంచి ఇవ్వడానికీ టైప్ సి ఉన్నది తీసుకుంటే ఒకే కేబుల్ సరిపోతుంది. ఇన్‌పుట్ ఎన్ని వాట్లో చూడండి. 10 వాట్ల ఇన్‌పుట్ ఉన్న 10,000 పవర్ బ్యాంకు నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది. 18 వాట్లయితే రెండున్నర, మూడు గంటలు. రోజుకి కొన్ని గంటలే కరెంటు ఉండే ఊళ్లో ఈ తేడా చాలా పెద్దది. కేబుల్ నాసిరకంది అయితే ఎంత మంచి పవర్ బ్యాంకు అయినా నెమ్మదిగానే ఎక్కిస్తుంది.

ఫోన్‌కే కాదు, చదువు దీపానికీ

యూఎస్‌బీ ఎల్‌ఈడీ దీపాలు ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతాయి. 10,000 పవర్ బ్యాంకు నుంచి చేతికి వచ్చే శక్తి ముప్పై వాట్ అవర్ల పైమాటే. 3 వాట్ల దీపం పెడితే సుమారు పది గంటలు వెలుగుతుంది. పరీక్షల రోజుల్లో కరెంటు పోతే మూడు రాత్రులు మూడేసి గంటలు చదువుకోవచ్చన్నమాట. కొవ్వొత్తి పొగ ఉండదు, పుస్తకం మీద మైనం పడదు.

ఇంటర్నెట్ రౌటరు చాలావాటికి 12 వోల్టులు కావాలి. 5 వోల్టులను 12కు పెంచే కేబుల్స్ దొరుకుతాయి. ముందు రౌటరు అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చదివి, అవి సరిపోయే కేబులే కొనాలి. తప్పు వోల్టేజి ఇస్తే రౌటరు కాలిపోతుంది.

ఉన్న ఛార్జింగ్ ఎక్కువసేపు రావాలంటే పాఠాలను ముందే దించుకోవాలి. దీక్ష యాప్‌లో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని ఇంటర్నెట్ లేకుండా చూడొచ్చు. సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ టవరును అందుకోవడానికి ఎక్కువ శక్తి ఖర్చుచేస్తుంది. సిరొంచ వైపు అడవి పల్లెల్లోనూ, ఒడిశా కొండల్లోనూ ఫోన్ త్వరగా దిగిపోవడానికి అదొక కారణం. పిల్లవాడు దించుకున్న పాఠం చూస్తున్నంతసేపు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వెలుతురు తగ్గిస్తే బ్యాటరీ బాగా ఆదా అవుతుంది.

జాగ్రత్తలు ఖర్చులేనివి

లిథియం బ్యాటరీకి వేడి శత్రువు. చాలా సెల్స్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. బళ్లారి ఎండలో బండి డిక్కీలో, మూసిన కారులో పవర్ బ్యాంకు వదిలేయొద్దు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు దిండు కింద, పరుపు మీద పెట్టొద్దు. గట్టి నేల మీదో బల్ల మీదో ఉంచాలి. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోకుండా, మెలకువగా ఉన్నప్పుడే నింపుకోవడం మేలు.

డొక్కు ఉబ్బినా, వాసన వచ్చినా, చేయి పెట్టలేనంత వేడెక్కినా అక్కడితో దాని వాడకం ఆపేయాలి. వరద నీళ్లలో తడిసినదాన్ని ఎండబెట్టి వాడే ప్రయత్నం చేయొద్దు. పిల్లలు విప్పి చూడబోతారు. లోపలి సెల్‌కు చిల్లు పడితే మంట లేస్తుందని వాళ్లకు ముందే చెప్పాలి. పాడైనదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి.

వాడకుండా దాచేటప్పుడు పూర్తిగా ఖాళీ చేసి పెట్టొద్దు. సగానికి కాస్త పైన ఉంచి, మూడు నెలలకోసారి చూసి నింపాలి. విమానంలో వెళ్లేవాళ్లు పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోవాలి, లగేజీలో వేయకూడదు. 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా అనుమతి ఉంటుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లే.

పిల్లల బడి సంచిలో పవర్ బ్యాంకు అక్కర్లేదు. పరీక్ష హాలులోకి అసలే పనికిరాదు. దాని చోటు ఇల్లు.

తరగతి గదిలో ఒక పీరియడ్

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు విద్యుత్తు పాఠం చెప్పేటప్పుడు ఒక పవర్ బ్యాంకు డబ్బా క్లాసుకు తీసుకెళ్లండి. వోల్టు, ఆంపియరు, వాటు, శక్తి అనే మాటలు పుస్తకంలో నుంచి లేచి పిల్లల చేతికి వస్తాయి. మీది లెక్కంతా వాళ్ల చేతనే చేయించండి. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్లోకి వచ్చిందనీ, దాన్ని తీర్చిదిద్దినందుకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చిందనీ, అప్పటికి గుడినఫ్ వయసు 97 ఏళ్లనీ చెప్పండి. పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

డబ్బా మీద ఉన్నది ఇంగ్లిషు. అమ్మేవాడు మాట్లాడేది కన్నడమో తమిళమో. తెలుగులో చదువుతున్న మన అమ్మాయి 37ను 5తో భాగించి, ‘ఇందులో వచ్చేది ఇంతే కదండీ’ అని నాన్నకు చెప్పి, ఆయన డబ్బు ఆదా చేసిందనుకోండి. తెలుగు మీడియంలో చేర్పించి తప్పు చేశామేమోనని మథనపడే తండ్రికి, ఆ చదువు బజారులోనూ పనికొస్తుందని అక్కడే తెలుస్తుంది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ లెక్కను పిల్లల చేతే బోర్డు మీద చేయించండి.