అడవి పుట్టగొడుగులు – వాని క్రిమిసంహారక శక్తి

తొలకరి వానలు కురిసిన పిమ్మట పుట్టలమీదను, పుచ్చిన మ్రానులమీదను, పెంటదిబ్బలమీదను పుట్టగొడుగులు లేచుట రైతులెల్లరు నెఱిగినదే. వానిలో కొన్ని కూరకు వచ్చును. కొన్ని ప్రాణము తీయును. కొన్నిటియందు వ్యాధిక్రిములను చంపు గుణము గలదని శాస్త్రజ్ఞులు స్థిరపఱచియున్నారు. ఈ గుణము రైతునకెట్లు పనికివచ్చునో, ఎచ్చట హాని చేయునో తెలుపుచున్నాము.

మనకు కనబడు గొడుగు కాయవంటిది మాత్రమే. అసలు దేహము సన్నని దారములవలె మ్రానులోను మట్టిలోను వ్యాపించియుండును. అచ్చటి ఆహారమునకై బాక్టీరియాలును, ఇతర శిలీంధ్రములును పోటీపడుచుండును. రైతు చేనికి కంచె వేసికొనునట్లు, కొన్ని జాతులు తమ చుట్టును విషద్రవ్యములను స్రవించి పోటీదారులను తొలగించుకొనును.

1951లో న్యూయార్కు వృక్షోద్యానమునకు చెందిన శాస్త్రజ్ఞులు కవనా, హెర్వీ, రాబిన్సు అనువారు ఇట్టి దారములను ద్రవములో పెంచి, ప్లూరోమ్యుటిలిన్ అను పదార్థమును కనుగొనిరి. ఇది బాక్టీరియాలు మాంసకృత్తులను తయారుచేసికొనకుండ అడ్డుపడును. అయినను అది వెంటనే మందు కాలేదు. దానిని మార్చి చేసిన టయామ్యులిన్ 1979లో పశువైద్యమునకు వచ్చి, పందులకును కోళ్లకును వాడబడుచున్నది. ఆ జాతి మందే లెఫామ్యులిన్ మనుష్యుల న్యుమోనియాకు అమెరికాలో 2019లో అనుమతి పొందెను. నడుమ 68 సంవత్సరములు గడచెను!

పైరుల విషయమునను ఇట్లే జరిగెను. పైన్ చెట్ల కాయలపై మొలచు చిన్న గొడుగునుండి 1977లో జర్మనీ శాస్త్రజ్ఞులు స్ట్రోబిలురిన్ అను శిలీంధ్రనాశకమును వేఱుచేసిరి. అది ఎండకు త్వరగా చెడిపోవును. ఎండకు నిలుచునట్లు మార్చి చేసిన అజాక్సీస్ట్రోబిన్ 1996లో అమ్మకమునకు వచ్చెను. వరి పొడతెగులునకు నేడు చల్లు మందులలో నిదియు నొకటి.

ఇందుండి సభ్యులు గ్రహింపవలసినవి నాలుగు గలవు.

మొదటిది: కషాయము పరీక్షలో క్రిములను చంపినంతమాత్రమున మందు కాదు, విషమును క్రిములను చంపును. కావున ఇంట కాచిన గొడుగు రసమును పుండ్లకు పూయరాదు, పశువులకు త్రాగింపరాదు.

రెండవది: ఒకే జాతి తెగులు మందును మరల మరల చల్లినచో తెగులు దానికి లొంగకపోవును. వేఱు తరగతి మందులతో మార్చుచు, చీటీపై వ్రాసిన మోతాదుననే వాడవలెను.

మూడవది: మోనెన్సిన్ గాని సాలినోమైసిన్ గాని కలసిన దాణా తినుచున్న కోళ్లకు టయామ్యులిన్ ఇచ్చినచో అవి చచ్చును. పశువైద్యుని యడుగక ఇయ్యరాదు.

నాలుగవది: తెలియని గొడుగును తినరాదు. వెండి నల్లబడకున్న మంచిదను మాట నమ్మరాదు. కొన్నిటి విషము ఉడికించినను పోదు. తిన్న ఆఱు గంటలకు గాని, అంతకు మించి గాని వాంతులు మొదలిడును. పిమ్మట తగ్గినట్లే తోచి, లోపల కాలేయము చెడుచుండును. అట్టి అనుమానము కలిగినచో తగ్గినదని ఊరకుండక, మిగిలిన గొడుగును వెంటగొని తక్షణమే ఆసుపత్రికి పోవలెను.